పట్టము పుచ్చుకొన్న తరువాత

పరీక్షా ఫలితములు వెలువడిన దినమున ఇంటిల్లిపాదికిని పండుగ. ఆ పండుగ ముగిసిన మరునాటినుండి ఇంట ఒక ప్రశ్న కాపురము పెట్టును: "చదువైనది గదా, ఇక ఉద్యోగమెన్నడు?" తండ్రి అడుగకున్నను తండ్రి మిత్రుడు అడుగును, తల్లి అడుగకున్నను పేరంటమునకు వచ్చిన పొరుగింటి అమ్మ అడుగును. ఈ ప్రశ్న నేటి యువకుని కొరకు క్రొత్తగా పుట్టినది కాదు. మన దేశమున విశ్వవిద్యాలయములకు ఎంత వయస్సో దీనికిని ఇంచుమించుగా అంత వయస్సు. దీని పుట్టుపూర్వోత్తరములు తెలిసినచో, ఉద్యోగమునకై వేచియున్న బిడ్డను మనము చూచు చూపు కొంత మారవచ్చును. అందువలననే ఆ కథను నేడు శ్రోతల ముందుంచుచున్నాము.

చదువునకును ఉద్యోగమునకును ముడి పడిన దినములను చరిత్ర స్పష్టముగానే చెప్పుచున్నది. 1835లో మెకాలే వ్రాసిన నివేదికను అనుసరించి గవర్నరు జనరలు బెంటింకు ప్రభుత్వ ధనమును ఆంగ్ల విద్యకై వినియోగింప నిశ్చయించెను. తొమ్మిదేండ్ల పిమ్మట, 1844 అక్టోబరులో, హార్డింజి ప్రభువు మరియొక ఉత్తరువు వెలువరించెను. ఆంగ్ల పాఠశాలలలో చక్కగా చదివినవారికి ప్రభుత్వోద్యోగములలో ప్రాధాన్యము నీయవలెననియు, యోగ్యులైన విద్యార్థుల పేర్లను ప్రభుత్వమునకు పంపవలెననియు దాని సారాంశము. అంతకు ముందు మన దేశమున చదువులేని కాలము లేదు. ఉద్యోగములులేని కాలమును లేదు. కరణీకము తండ్రినుండి కొడుకునకు సంక్రమించెడిది. కచ్చేరి వ్రాతపని పెద్దల కడ కూర్చుండి నేర్చుకొనవలసినది. శాస్త్రపాండిత్యమునకు సంస్థానములలో సంభావన దొరకెడిది. పాఠశాల యిచ్చు కాగితమును చూపి కొలువు కోరుట అను పద్ధతి మాత్రము ఈ ఉత్తరువుతో బలపడినది.

1854లో ఛార్లెస్ వుడ్డు పంపిన విద్యాపత్రమును పురస్కరించుకొని, 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములలో మూడు విశ్వవిద్యాలయములు వెలసినవి. ఈ మూడును లండను విశ్వవిద్యాలయపు మాదిరిని నెలకొల్పబడినవి. అనగా, అవి పాఠము చెప్పు సంస్థలు కావు. పరీక్ష జరిపి పట్టమిచ్చు సంస్థలు. పాఠము కళాశాలలో, పరీక్ష విశ్వవిద్యాలయములో, ఉద్యోగము కచ్చేరిలో. ఈ మూడింటిని కలుపు బాధ్యత యెవరిదో ఏ చట్టమునందును వ్రాయబడలేదు. మనము నేడు చూచుచున్న అగాధము ఈ నిర్మాణములోనే ఉన్నదని మా అభిప్రాయము.

అయితే తొలినాళ్ళలో ఆ అగాధము ఎవరికిని కనబడలేదు. ఏలయన దాటవలసినవారు మిక్కిలి కొద్దిమంది. కలకత్తా విశ్వవిద్యాలయమునుండి 1858లో బి.ఎ. పట్టము పొందినవారు ఇద్దరే. వారిలో నొకడైన బంకించంద్ర ఛటర్జీకి ఆ సంవత్సరమే డిప్యూటీ మేజిస్ట్రేటు పదవి లభించెను. మదరాసు విశ్వవిద్యాలయపు తొలి పట్టభద్రులును ఇద్దరే. దామోదరం పిళ్ళె, విశ్వనాథ పిళ్ళె అను ఆ ఉభయులును సింహళద్వీపమునందలి జాఫ్నా ప్రాంతపు తమిళులు. పట్టము పుచ్చుకొన్నవానిని ఉద్యోగము వెదకికొని వచ్చిన కాలమది. ఆ కొలదిమంది భాగ్యమును చూచి లోకము ఒక సూత్రము కట్టుకొన్నది: బి.ఎ. అనగా ఉద్యోగము. ఆ సూత్రము తరువాతి తరములవారి నెత్తిపై బరువై కూర్చున్నది.

తెలుగుదేశమున ఈ చదువు కొంత ఆలస్యముగ వ్యాపించినది. బందరులో 1843లో రాబర్టు నోబిలు నెలకొల్పిన పాఠశాల కళాశాలగా ఎదిగినది. రాజమహేంద్రవరములో 1853లో మొదలైన జిల్లా పాఠశాల 1870 దశకములో కళాశాల అయ్యెను. విజయనగరమున మహారాజావారి కళాశాల 1879లో ఏర్పడెను. గుంటూరు, కాకినాడలు 1880 దశకములో ఆ వరుసలో చేరినవి. జిల్లాలకు కళాశాల వచ్చుటతో పట్టభద్రుల సంఖ్య పెరిగినది. కచ్చేరిలోని కుర్చీల సంఖ్య మాత్రము అంత వేగముగ పెరుగలేదు.

మహాకవి గురజాడ అప్పారావుగారి జీవితమునందే ఆ కాలపు మెట్లు కనబడుచున్నవి. ఆయన 1884లో నెలకు 25 రూపాయల జీతముపై ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. 1886లో బి.ఎ. పూర్తిచేసి, డిప్యూటీ కలెక్టరు కచ్చేరిలో హెడ్డుగుమాస్తాగా కొంతకాలము పనిచేసెను. 1887లో తాను చదివిన కళాశాలలోనే 100 రూపాయల జీతముపై ఉపన్యాసకుడయ్యెను. మూడేండ్లలో జీతము నాలుగింతలైనది. పొలము అమ్మియైనను కొడుకును బి.ఎ. చదివింపవలెనని తండ్రులు ఏల తహతహపడిరో ఈ లెక్కయే చెప్పును. బి.ఎ. అన్న రెండక్షరములకు పెండ్లిసంతలో ధర యేర్పడుటయు ఈ కాలపు వింతయే. ఇంక పరీక్ష తప్పినవాని గతి యేమి? కన్యాశుల్క నాటకములోని వెంకటేశము పరీక్ష తప్పిన సంగతి చూచి మనము నవ్వుదుము. కాని ఆ నవ్వు వెనుక, చదువుపై పెట్టిన సొమ్మును లెక్కించుకొను తండ్రియొక్క కోపమును గురజాడవారు మరువలేదు.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. అన్ని చదువులును విద్యార్థిని ఒకే తీరున నడివీధిలో విడిచిపెట్టలేదు. ఇంజనీరింగు చదువును చూడుడు. రూర్కీ కళాశాల 1847లో పుట్టినది గంగా కాలువ పనికి మనుష్యులు కావలసివచ్చినందువలన. మదరాసులోని గిండీ కళాశాల మూలము 1794 నాటి సర్వే పాఠశాల. అదియును భూమిని కొలుచు పనివారికై పుట్టినదే. తెలుగు కుటుంబమునకు చెందిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పూనా కళాశాలలో 1883లో ఇంజనీరింగు పరీక్ష నిచ్చి, 1884లోనే బొంబాయి పబ్లిక్ వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా ప్రవేశించిరి. వైద్యవిద్యార్థికి ఆస్పత్రియే పాఠశాల. న్యాయవాది కాదలచినవాడు పెద్ద వకీలు కడ శిష్యరికము చేసి పని నేర్చెడివాడు. ఉపాధ్యాయుడు కాదలచిన పట్టభద్రునకు రాజమహేంద్రవరములో శిక్షణ కళాశాల యుండెను, ఎల్.టి. చదువులో తరగతి యెదుట నిలిచి పాఠము చెప్పుట ఒక భాగము.

ఈ వృత్తులలో చదువునకును పనికిని నడుమ ఒక రేవు కట్టబడియున్నది. నేర్చుకొనువాడు పనిని తాకుచునే నేర్చుకొనెను. చరిత్రయో తత్త్వమో వృక్షశాస్త్రమో చదివిన బి.ఎ.కు మాత్రము అట్టి రేవు లేకపోయెను. అతని కెదురుగ నున్నది ఒకే యజమాని: ప్రభుత్వము. ఆ యజమాని తలుపు మూసికొన్ననాడు, పండ్రెండు పదునైదేండ్లు చదివిన చదువు ఒక్కసారిగ బరువైపోయినట్లు అతనికి తోచెను. లోపము చదువులో లేదు, చదివినవానిలోను లేదు. నడుమ కట్టవలసిన మెట్టు కట్టబడకపోవుటలో నున్నది.

ఆ తలుపు ఎట్లు మూయబడునో 1907లో రాజమహేంద్రవరము కండ్లార చూచినది. ఆ యేట వంగదేశమునుండి బిపినచంద్రపాలు వచ్చి గోదావరీతీరమున ఉపన్యసించెను. విద్యార్థులు వందేమాతర చిహ్నములు ధరించిరి. అందులకై బహిష్కృతులైనవారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ముఖ్యులు. ఎం.ఎ. పట్టము పుచ్చుకొని, శిక్షణ కళాశాలలో ఉపాధ్యాయవృత్తి నభ్యసించుచున్న యువకుడాయన. ప్రభుత్వోద్యోగమునకు ఆయన అనర్హుడని నిర్ణయింపబడెను. ఎం.ఎ. చదివిన తెలుగువారు అరుదైన ఆ దినములలో, ఉన్న ఒక్క యజమానియు 'నీకు కొలువు లేదు' అన్నచో ఆ యువకునకును ఆ కుటుంబమునకును ఎట్లుండునో ఊహింపవచ్చును. ఆయన 1908లో బెజవాడనుండి 'స్వరాజ్య' అను పత్రికను నడిపెను. అందలి వ్యాసమునకై కారాగారమునకేగెను. తరువాత గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును జీవితమర్పించెను. ఒక ఉపాధ్యాయుడు తరగతిగదిని గోల్పోయి, దేశమునే తరగతిగదిగా చేసికొన్న వృత్తాంతమిది.

కచ్చేరి గడప నెక్కకయే బ్రతుకు కట్టుకొన్న పట్టభద్రులును ఆ తరమునందు గలరు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మదరాసు క్రిస్టియను కళాశాలలో చదివి, కలకత్తాలోను బొంబాయిలోను వర్తకుల కడ పనిచేసి, 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించిరి. ఆ తలనొప్పి మందు సంపాదనయే 1908లో ఆంధ్రపత్రికకు జన్మనిచ్చినది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు వైద్యపట్టము పొంది బందరులో వైద్యవృత్తి సాగించుచునే, 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. దాదాపు నూరేండ్లు తెలుగు పట్టభద్రులకు కొలువులిచ్చిన ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ఉద్యోగము వెదకుకొనవలసిన తరమునుండియే ఉద్యోగములు పుట్టించువారును వచ్చిరనుటకు ఇవి సాక్ష్యములు. కాని అట్టివారు వేయింటికొక్కరు. వారిని చూపి తక్కినవారిని నిందించుట న్యాయము కాదు.

చదువు పద్ధతినే మార్చి చూతమన్న ప్రయత్నమును జరిగినది. 1910లో బందరులో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. హనుమంతరావుగారు ఎం.ఎ., బి.ఎల్. పట్టములు గడించి, న్యాయవాదవృత్తిని విడిచి, ఈ సంస్థకే అంకితమైనవారు. అచ్చట పుస్తకముతోపాటు చేతిపనులను, యంత్రములపనిని నేర్పిరి, చిత్రకళను పోషించిరి. కాని ఆ కళాశాల యిచ్చు యోగ్యతాపత్రముతో ప్రభుత్వ కచ్చేరిలో కొలువు దొరకదు. విద్య యెంత చక్కనిదైనను, ముద్ర వేయవలసిన చేయి వేరొకరిదైనచో తలిదండ్రులు బిడ్డలను పంపుటకు జంకుదురు. ఈ ప్రయత్నము నేర్పిన పాఠమిది.

కుర్చీలు కొలదిగను, అభ్యర్థులు అనేకులుగను ఉన్నప్పుడు, 'కుర్చీ యెవరిది?' అన్న తగవు పుట్టుట సహజము. మన రాజకీయచరిత్రలో పెద్ద భాగమునకు ఈ తగవే నేపథ్యము. మదరాసు రాజధానిలో తెలుగువారి జనసంఖ్యకు తగినట్లు ఉద్యోగములు తెలుగువారికి లభించుటలేదను ఆవేదన 1911, 1912 ప్రాంతముల పత్రికలకెక్కినది. 1913లో బాపట్లలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు ఆ ఆవేదనయు ఒక ప్రేరణము. బ్రాహ్మణేతర వర్గములు తమ వాటాను కోరుటతో జస్టిస్ పార్టీ ప్రభుత్వము 1921లో కులవర్గములవారీగ నియామకముల ఉత్తరువు నిచ్చెను. 1927లో దానికి నిర్దిష్టమైన క్రమము నేర్పరచిరి. 1929 నాటి చట్టముతో మదరాసునకు సర్వీసు కమిషను వచ్చెను. సిఫారసు చీటీకి మారుగా పోటీపరీక్ష నిలిచినది. ఇది గొప్ప మేలు. కాని పరీక్ష అన్యాయమును తగ్గింపగలదు గాని కుర్చీని పెంపజాలదు.

ఈ నడుమ 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు చేరినది. తొలి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1930 దశకపు తొలి సంవత్సరములలోనే ఆ విశ్వవిద్యాలయమున జయపురాధీశుడు విక్రమదేవవర్మగారి భూరివిరాళముతో విజ్ఞాన, సాంకేతిక కళాశాల వెలసినది. రసాయన సాంకేతిక శాస్త్రమునకు ఆ రోజులలోనే చోటిచ్చుట దూరదృష్టి. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక కుదుర్చుకొన్నప్పుడు, అనంతపురమునందును విశ్వవిద్యాలయ కేంద్రము ఉండవలెనన్నది అందొక నియమము. చదువు దొరకని ప్రాంతమునకు ఉద్యోగమును దొరకదన్న సత్యమును అప్పటికి అందరును గ్రహించిరి.

1930 దశకమున ప్రపంచమంతటను ఆర్థికమాంద్యము నెలకొన్నది. పంటలకు ధర లేక రైతు నలిగెను. ప్రభుత్వము కొలువులు తగ్గించెను. పట్టభద్రుల నిరుద్యోగము దేశవ్యాప్తమైన చర్చనీయాంశమయ్యెను. సంయుక్త రాష్ట్రముల ప్రభుత్వము సర్ తేజ్ బహదూర్ సప్రూ అధ్యక్షతను ఒక సంఘమును నియమింప, అది 1935లో తన నివేదికను సమర్పించెను. విద్యావిధానము విద్యార్థిని పరీక్షలకును పట్టములకును మాత్రమే సిద్ధము చేయుచున్నదనియు, ఉన్నత పాఠశాల దశలోనే భిన్నవృత్తులకు దారితీయు శాఖలను తెరువవలెననియు ఆ సంఘము అభిప్రాయపడెను. తొంబదియేండ్లు గడచినవి. ఆ నివేదికలోని మాటలను నేటి సంఘములు క్రొత్త మాటలుగా మరల చెప్పుచున్నవి.

నైజాము రాజ్యములో ఈ కథ మరియొక తీరున నడచినది. 1887లో స్థాపితమైన నిజాం కళాశాల మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగ నుండెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడి, ఉర్దూ భాషలో ఉన్నతవిద్య బోధింపసాగెను. దేశభాషలో విశ్వవిద్యాలయ బోధన సాధ్యమని ఋజువు చేసిన కీర్తి దానిది. రాజ్యపాలన ఉర్దూలోనే సాగుటచే పట్టమునకును కచ్చేరికిని భాష ఒక్కటే. కాని ప్రజలలో అధికసంఖ్యాకులు తెలుగువారు. ఉద్యోగములలో స్థానికులకు రక్షణగా ముల్కీ నిబంధనలుండెను. పదునైదేండ్ల నివాసము వానిలో ప్రధానమైన కొలమానము. 1948లో రాజ్యము భారతదేశమున చేరిన పిమ్మట పాలనాభాష ఆంగ్లమునకు మారెను. ఉర్దూలో చదివి పట్టము పొందినవాడు, తాను మారకుండగనే, ఒక్క యేట అనర్హునివలె నిలువవలసివచ్చెను. బయటి ప్రాంతములనుండి ఆంగ్లము తెలిసినవారు కొలువులలోనికి వచ్చిరి. 1952లో హైదరాబాదు వీధులలో ముల్కీ ఆందోళన చెలరేగి, కాల్పులలో ప్రాణనష్టము జరిగినది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు పెద్దమనుష్యుల ఒప్పందము ఈ రక్షణలను కొనసాగించుటకు అంగీకరించెను. 1957లో పార్లమెంటు అందులకు చట్టము చేసెను. 1969లో తెలంగాణమున విద్యార్థులు, ఉద్యోగులు ఆ రక్షణలు అమలగుట లేదని ఉద్యమించిరి. ఆ యేటి మార్చిలో సుప్రీంకోర్టు ఆ చట్టపు నియమమును కొట్టివేసెను. 1972 అక్టోబరులో అదే న్యాయస్థానము ముల్కీ నిబంధనలు చెల్లునని వేరొక తీర్పు చెప్పగా, కోస్తా, రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమము రేగెను. ఇరువైపుల యువకులు ప్రాణములు గోల్పోయిరి. ఇరువైపుల వారి జేబులలోను ఉన్నది ఒకే రకపు కాగితము: బి.ఎ., బి.ఎస్సి. పట్టము. 1973లో ఆరు సూత్రముల పథకము, 1975లో రాష్ట్రపతి ఉత్తరువు వచ్చినవి. ఆ ఆరు సూత్రములననుసరించియే 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము వెలసినది. అనగా, ఉద్యోగముల తగవునకు మందుగా మరియొక విశ్వవిద్యాలయము నిచ్చిరి! 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము అవతరించినప్పుడును నీళ్ళు, నిధులతోపాటు నియామకములన్న మాట ఉద్యమనినాదములో నుండెను.

ఇక ఉద్యోగకల్పన శాఖ కథ. రెండవ ప్రపంచయుద్ధము ముగియగనే సైన్యమునుండి విడుదలయైనవారికి పని చూపుటకై 1945లో భారతప్రభుత్వము ఒక ప్రత్యేక శాఖను తెరచెను. దాని ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు 1948లో సామాన్య నిరుద్యోగులకును తలుపులు తెరచినవి. 1956 నవంబరునుండి వాని నిత్యనిర్వహణ రాష్ట్రముల చేతికి వచ్చినది. 1959లో చేసిన చట్టము ప్రకారము, ప్రభుత్వ సంస్థలును, ఇరువదియైదుగురు లేక అంతకు మించి పనివారు గల ప్రైవేటు సంస్థలును తమ ఖాళీలను ఈ కార్యాలయములకు తెలుపవలసియుండెను. తెలుపుట మాత్రమే విధి. అక్కడినుండి మనుష్యుని తీసికొనవలెనను నిర్బంధము లేకుండెను. ఈ చిన్న సందులోనుండి ఎన్ని ఆశలు జారిపోయెనో! తెల్లవారకముందే వరుసలో నిలిచి పేరు నమోదు చేయించుకొని, కార్డును గడువు తప్పక పునరుద్ధరించుకొనుచు, ఇంటర్వ్యూ పిలుపునకై తపాలా జవాను నెదురుచూచుచు వయఃపరిమితి దాటించుకొన్నవారు మన ప్రతి వీధిలోను గలరు.

స్త్రీల కథ వేరుగ చెప్పవలసినది. పురుషునకు పట్టము పిదప ఉద్యోగము ప్రశ్న. స్త్రీకి పట్టమే ప్రశ్న. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు పెద్దయైన పిదప కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను నిచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున పట్టము పొంది, 1942లో మదరాసులో న్యాయశాస్త్రము పూర్తిచేసిరి. నడుమ చదువాగిపోయిన స్త్రీలకు పరీక్షల శిక్షణ యిచ్చి, ఉపాధ్యాయినులుగ, నర్సులుగ నిలబెట్టుట తాము స్థాపించిన ఆంధ్ర మహిళాసభ పనులలో ముఖ్యమైనదిగ చేసిరి. చదువు ముగియుచోటనే పని మొదలగునట్లు కలిపి కుట్టిన సంస్థ అది; పెద్ద విశ్వవిద్యాలయములు చేయనిదానిని ఒక సేవాసంస్థ చేసి చూపినది.

1961లో అప్రెంటిసుల చట్టము వచ్చెను; 1973 నాటి సవరణతో ఇంజనీరింగు పట్టభద్రులకును అందు చోటు కల్పింపబడెను. పట్టము పొందినవాడు ఒక సంవత్సరము భృతితో కర్మాగారమున పని నేర్చుకొనును. వెనుక మేము చెప్పిన రేవు ఇట్టిదే. 1969లో పదునాలుగు బ్యాంకులు జాతీయమగుటతో పల్లెపల్లెకు శాఖలు వ్యాపించి, సామాన్య పట్టభద్రునకు కచ్చేరి తరువాత రెండవ తలుపు తెరువబడినది. 1986లో ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ ప్రవేశపరీక్ష మొదలైనది. 1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ ప్రారంభమైనది. కంప్యూటరు పనికి దేశవిదేశములలో గిరాకి పెరుగగ, సంస్థలే కళాశాల ఆవరణలోనికి వచ్చి విద్యార్థులను ఎంచుకొనసాగినవి. అమెరికా చేరిన తెలుగు యువకుల సంఖ్య అపారము. 1858లో ఇద్దరు పట్టభద్రులకు పట్టిన భాగ్యము వేలమందికి పట్టినట్లు తోచెను.

తోచెనేగాని, పాత సూత్రమే క్రొత్త చొక్కా తొడిగినది. బి.ఎ. అనగా ఉద్యోగము అన్న లోకము, బి.టెక్. అనగా ఉద్యోగము అన్నది. కళాశాలలు వందలకొలది వెలసినవి. 2001లోను, 2008లోను విదేశములలో వర్తకము మందగించినప్పుడు, ఇచ్చట నియామకపత్రము చేతబట్టుకొన్నవారికి పిలుపులు రాలేదు. ఒక్క యజమానిపై ఆధారపడిన చదువు, ఆ యజమాని కచ్చేరియైనను కంపెనీయైనను, గాలివాటము మారినప్పుడు ఒకే విధముగ ఒరుగును. ఇటీవల ప్రభుత్వములు నైపుణ్యశిక్షణపై దృష్టి నిలుపుచున్నవి. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో అందులకొక సంస్థ ఏర్పడినది. తెలంగాణ శాసనసభ 2024లో నైపుణ్య విశ్వవిద్యాలయమునకు చట్టము చేసినది. వీని ఫలితము కాలము తేల్చవలసినదే.

ఈ నూటయెనుబదియేండ్ల చరిత్రనుండి మూడు సంగతులు తేటపడుచున్నవి. మొదటిది, పట్టమునకును ఉద్యోగమునకును గల ముడిని 1844లో ఒక ప్రభుత్వము తన అవసరమునకై వేసినది. అది ప్రకృతినియమము కాదు. రెండవది, ఉన్న కొలువులను పంచు పద్ధతి న్యాయముగ నుండుట అవసరమే. కాని పంపకముతోనే కొరత తీరదు, కొరత తీరనంతకాలము తగవు తీరదు. మూడవది, చదువుచుండగనే పనిని తాకనిచ్చిన విద్యలు, అనగా వైద్యము, ఉపాధ్యాయశిక్షణ, అప్రెంటిసుగిరి, తమ విద్యార్థులను తక్కిన విద్యలకంటె తేలికగ ఆవలియొడ్డు చేర్చినవి. చరిత్ర చదువువానికి ఒక పురాభాండాగారమున, అర్థశాస్త్రము చదువువానికి ఒక సహకార సంఘమున, భాష చదువువానికి ఒక ముద్రణాలయమున ఆరు నెలలు పని చూపుట ఏ విశ్వవిద్యాలయమునకును అసాధ్యము కాదు.

అది జరుగువరకు గృహస్థులు చేయదగినది ఒకటి గలదు. పట్టము పుచ్చుకొని వేచియున్న యువతీయువకులకు ఆ వేచియుండు కాలమే కఠినమైన పరీక్ష. దానికి ప్రశ్నపత్రము లేదు, గడువు లేదు, తోడు కూర్చున్నవాడును లేడు. ఆ కాలమున ఇంటివారి పలుకే వానికి బలము, ఇంటివారి పలుకే వానికి శూలము. పొరుగింటి బిడ్డతో పోల్చుట మానుడు. చిన్న పనియైనను, జీతము తక్కువైనను, చేతికి నేర్పునిచ్చు పని దొరకినచో 'బి.ఎ. చదివి ఇదా?' అనకుడు, గురజాడవారు ఇరువదియైదు రూపాయలతోనే మొదలుపెట్టిరి. మేము ఈ కేంద్రమునుండి ఉద్యోగప్రకటనలు చదువునప్పుడు, ఒక్కొక్క ఖాళీకి ఎన్ని ఇండ్లలో రేడియో గొంతు పెంచుదురో మాకు తెలియును. ఆ ఖాళీ ఒక్కనికే దక్కును. తక్కినవారు ఓడినవారు కారు. వారికై మెట్టు కట్టవలసిన పని సమాజమునకు ఇంకను మిగిలియున్నది.